ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ డిగ్రీ పరీక్ష: పాప గదిలోకి వస్తే ఫెయిల్ చేస్తారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తూ, ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపే ఎంబీఏలో చేరారు. మొదటి సెమిస్టరు పరీక్షలకు ఇంకా మూడు వారాలుంది. ఇంటి నుంచే, కెమెరా ముందు కూర్చుని రాయాలి. రెండు గదుల అద్దె ఇల్లు, నాలుగేళ్ల పాప, అత్తగారు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. పరీక్ష మధ్యలో పాప గదిలోకి వస్తే కాపీ కొట్టినట్టు లెక్కేసి ఫెయిల్ చేస్తారా అన్నది మీ భయం. వీడియోలన్నీ చూశాను, అసైన్‌మెంట్లలో మార్కులు బాగా వచ్చాయి, ఇంకా ఏం చదవాలి అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. పాప ఒక్కసారి గదిలోకి వచ్చినంత మాత్రాన సాధారణంగా ఎవరూ ఫెయిల్ చేయరు. ఆ క్షణాన్ని సాఫ్ట్‌వేర్ గుర్తు పెడుతుంది, తర్వాత ఒక మనిషి ఆ రికార్డింగు చూసి నిర్ణయిస్తారు. ఆ భయం మీకు కొంచెం ఎక్కువైంది. చదువు విషయంలో మాత్రం ధైర్యం ఎక్కువైంది. వీడియోలు చూడటం, అసైన్‌మెంట్లలో మార్కులు రావడం పరీక్షకు సిద్ధమైనట్టు కాదు. ఈ మూడు వారాల్లో ఎక్కువ సమయం పుస్తకం మూసి రాయడానికి ఇవ్వండి. గది, కంప్యూటర్ ఏర్పాట్లకు మొత్తం మీద ఒక రోజున్నర పని ఉంటుంది, కానీ దాన్ని చివరి రోజుకు వాయిదా వేయకండి.

నేను గుంటూరు ప్రాంతంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెబుతాను. 2017 నుంచి మా విద్యార్థులు చేసే ఎన్‌పీటెల్ కోర్సుల (ఐఐటీల వంటి సంస్థలు ఆన్‌లైన్‌లో చెప్పే కోర్సులు) బాధ్యత నాదే. కరోనా రోజుల్లో మా కాలేజీ పరీక్షలు కెమెరాల మీద జరిగినప్పుడు ఒక్కో పూట ముప్పై ముఖాలను తెర మీద చూస్తూ ఇన్విజిలేటరుగా కూర్చున్నాను. ఆ తర్వాత నలభై ఆరో ఏట నేనే ఒక ఆన్‌లైన్ పీజీ డిప్లొమాలో చేరి, మా ఇంటి వెనక గదిలో ఆరు పరీక్షలు రాశాను. కెమెరాకు ఇటూ అటూ కూర్చున్నప్పుడు తెలిసిన సంగతులే ఇక్కడ చెబుతున్నాను. మీ విశ్వవిద్యాలయం నిబంధనల్లో తేడా ఉంటే వారి మాటే చెల్లుతుంది.

అన్నిటికంటే ముందు, ఈ రాత్రే చూడవలసినది ఒకటుంది. హాల్‌టికెట్ మీద ఉన్న మీ పేరు, మీరు కెమెరాకు చూపించబోయే గుర్తింపు కార్డు మీద ఉన్న పేరు ఒకటేనా? మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, అదీ పొడి అక్షరంగా. ఆధార్‌లో పెళ్లి తర్వాత మార్చుకున్న అత్తింటి పేరు పూర్తిగా ఉంటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు చివరకు పోతుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషి అని చూడగానే తెలుస్తుంది. పరీక్ష రోజున తెర అవతల కూర్చున్న వ్యక్తి ఏ రాష్ట్రంవారో, మన ఇంటిపేర్ల పద్ధతి వారికి ఎంత తెలుసో చెప్పలేం. వారికి కనిపించేది రెండు వేరు వేరు పేర్లు. మా విద్యార్థిని ఒకరు ఇదే కారణంతో పరీక్షా కేంద్రం గుమ్మం దగ్గర నలభై నిమిషాలు నిలబడింది. ఆధార్‌లో అత్తింటి పేరు, హాల్‌టికెట్‌లో పుట్టింటి పేరు. చివరకు పాన్ కార్డు ఫొటో ఇంటి నుంచి తెప్పించుకుంటే, అసలు కార్డే కావాలన్నారు. లోపలికి వెళ్లేసరికి ఆ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. మీ కార్డుల్లో ఏదో ఒకటైనా హాల్‌టికెట్‌తో సరిపోతుందేమో చూడండి. ఏదీ సరిపోకపోతే రేపే విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి, వివాహ ధ్రువపత్రం జతచేసి, ఏ కార్డు చూపించాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో ఎవరో పర్వాలేదన్నారని ఊరుకోవద్దు.

ఇక చదువు సంగతి. దీని గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా అనుభవంలో ఆన్‌లైన్ కోర్సుల్లో తప్పినవారు ఎక్కువగా తప్పింది ఇక్కడే.

విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ కోర్సుల్లో సెమిస్టరు మధ్యలో వచ్చే అసైన్‌మెంట్లు, క్విజ్‌ల వంటి వాటికి గరిష్ఠంగా 30 శాతం, చివరి పరీక్షకు కనీసం 70 శాతం వెయిటేజీ ఉంటుంది. మీ అసైన్‌మెంట్లన్నిటికీ పూర్తి మార్కులు వచ్చాయనుకున్నా, చేతిలో ఉన్నది ఆ 30లోపే. ఎన్‌పీటెల్‌లోనూ దాదాపు ఇంతే. అక్కడ అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పరీక్ష భాగంలో 75కు 30 రాకపోతే, మొత్తం ఎంత వచ్చినా సర్టిఫికెట్ రాదు. మా కాలేజీ కుర్రవాడొకడు పన్నెండు వారాల కోర్సులో అసైన్‌మెంట్లకు 25కు 24 తెచ్చుకున్నాడు. పరీక్షలో వందకు 34. అంటే 75కు 25.5. రెండూ కలిపితే 49.5. పాసవడానికి కావలసిన నలభై దాటింది కదా సార్ అని నా దగ్గరకు వచ్చాడు. పరీక్ష భాగంలో కనీస మార్కు రానందున ఆ నలభై తొమ్మిదిన్నరకు విలువ లేకపోయింది.

ఆ కుర్రవాడు సోమరి కాదు. ప్రతి వారం కూర్చుని అసైన్‌మెంటు చేశాడు. కానీ ఎలా చేశాడు? పక్కన వీడియో తెరిచి ఉంటుంది. ప్రశ్న చదవడం, వీడియోలో ఆ చోటుకు వెళ్లడం, జవాబు గుర్తించడం. అనుమానం వస్తే గ్రూపులో స్నేహితులు ఉంటారు. పన్నెండు వారాల్లో ఒక్కసారి కూడా ఏ ఆసరా లేకుండా ఒక జవాబు తన తలలో నుంచి బయటకు తీయవలసిన అవసరం అతనికి రాలేదు. ఆ పని మొదటిసారి చేసింది పరీక్ష గదిలో.

వీడియో పాఠానికి ఇంకో గుణం ఉంది. చెప్పేవారు ఎంత బాగా చెబితే, మనకు అంత బాగా వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఆ ధార వారిది. పచ్చడి ఎలా పెట్టాలో పదిసార్లు చూసినవారికీ మొదటిసారి జాడీ ముందు కూర్చున్నప్పుడు ఉప్పు ఎంత వేయాలో చేతికి తెలియదు. చూసింది మన చేతికి రావాలంటే చూడకుండా చేయాలి.

అందుకని ఈ మూడు వారాలు ఇలా చేయమంటాను. రేపు ఉదయం ఒక్కో పేపరుకు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏదీ తెరవకుండా ఆ పేపరులో ఎన్ని యూనిట్లు ఉన్నాయో, ఒక్కో యూనిట్లో ఏమేమి ఉన్నాయో గుర్తున్నంత రాయండి. ఎక్కడ ఖాళీ వస్తుందో అక్కడే మీ పని ఉంది. చాలామంది తమకు బాగా వచ్చిన మొదటి రెండు యూనిట్లనే మళ్లీ మళ్లీ చదువుకుంటారు, ఎందుకంటే అక్కడ మనసుకు హాయిగా ఉంటుంది. ఈ కాగితం ఆ పొరపాటు చేయనివ్వదు.

ఆ ఖాళీలను పూరించడానికి మళ్లీ వీడియోలు చూడొద్దు, టైం చాలదు. గంట వీడియోలో కావలసిన మాట వెతకడానికి పావుగంట పోతుంది, అదే అచ్చు పాఠంలో రెండు నిమిషాల పని. ఆన్‌లైన్ కోర్సుల్లో వీడియోతో పాటు చదువుకునే పాఠాలు కూడా ఇస్తారు. వాటిని దగ్గరలోని జిరాక్స్ షాపులో అచ్చు తీయించుకోండి. ఒక అంశం చదవండి, మూసేయండి, మీ మాటల్లో పది వాక్యాలు రాయండి, తెరిచి సరిచూసుకోండి. నెమ్మదిగా సాగినట్టు, ఏమీ రానట్టు అనిపిస్తుంది. మొదటి నాలుగు రోజులు అందరికీ అలాగే ఉంటుంది, అక్కడ ఆగిపోవద్దు.

అసైన్‌మెంట్లు కూడా మళ్లీ చేయండి, ఈసారి జవాబులు కనబడకుండా. మార్కులు వేసుకోండి. మొదట వచ్చిన మార్కుకూ, ఇప్పుడు వచ్చిన మార్కుకూ మధ్య ఉన్న తేడాను బట్టి ఏ పేపరుకు ఎక్కువ రోజులు ఇవ్వాలో తేలిపోతుంది.

మీరు లెక్కల పనిలోనే ఉన్నారు కనుక అకౌంటింగ్ పేపరు గురించి ప్రత్యేకంగా ఒక మాట. ఉద్యోగంలో రోజూ ఎంట్రీలు వేసేవారు ఆ పేపరును చివరకు వదిలేస్తారు, వచ్చిందే కదా అని. ఆఫీసులో ట్యాలీ సాఫ్ట్‌వేర్ మొత్తాలు కట్టి ఇస్తుంది. పరీక్షలో ఆ మొత్తాలను చేత్తో కట్టాలి. బ్రేక్ ఈవెన్ (లాభమూ నష్టమూ లేని అమ్మకాల స్థాయి) ఎంత అని అడిగితే లెక్కతో పాటు దాని అర్థం కూడా రాయాలి. ఇలాంటి ఉద్యోగం చేస్తూ చదివిన మా బంధువు ఒకావిడకు అన్నిటికంటే తక్కువ మార్కులు వచ్చింది అకౌంటింగ్‌లోనే.

పరీక్ష ఎలా రాయాలో మీరు చెప్పలేదు. జవాబు గుర్తించే ప్రశ్నలైతే ఒక దారి, వివరంగా టైపు చేయాలంటే ఒక దారి, కాగితం మీద రాసి స్కాన్ చేసి పంపాలంటే ఇంకో దారి. టైపు చేయాలంటే నిమిషానికి ఎన్ని మాటలు కొట్టగలరో ఇప్పుడే చూసుకోండి. జవాబు తెలిసీ వేళ్లు కదలక మార్కులు పోగొట్టుకున్నవారిని చూశాను. తెలుగులో రాసే అవకాశం ఉన్న కోర్సయితే, పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో ఏ కీబోర్డు పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలి. ఫోనులో తెలుగు వేగంగా కొట్టేవారు కూడా ల్యాప్‌టాప్ మీద తడబడతారు. ఇక స్కానింగ్ పద్ధతి అయితే, ప్రతి పేజీ మీద నంబరు, నీడ పడని వెలుతురు, ఫైలు పరిమాణం ఎంత మించకూడదన్న నియమం, పంపడానికి ఇచ్చే గడువు చూసుకోండి. కనీసం రెండుసార్లు ఇంట్లో రాసి, స్కాన్ చేసి, మీకు మీరే మెయిల్ చేసుకుని చూడండి. మా కాలేజీలో మంచి జవాబుపత్రం ఒకటి ఒక పేజీ తలకిందులుగా, రెండు పేజీలు మసకగా వచ్చింది. దిద్దేవారు తిప్పి చదువుతారు, మసకగా ఉన్నదాన్ని ఊహించి మార్కులు వేయలేరు.

ఇప్పుడు కెమెరా. అది ఏం చూస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది.

ముందు మీ ముఖం, కార్డు ఫొటో తీస్తారు. ల్యాప్‌టాప్‌ను చేతుల్లోకి తీసుకుని గది నాలుగు గోడలూ, బల్ల పైభాగం, కొన్నిచోట్ల బల్ల కింద కూడా చూపించమంటారు. పరీక్ష కోసం ఇచ్చే ప్రత్యేక బ్రౌజరు తెరిచాక కంప్యూటర్‌లో వేరే విండో తెరుచుకోదు. ఆ తర్వాత మీ ముఖం, గదిలో శబ్దాలు, మీ తెర రికార్డవుతాయి. ముఖం కనబడకపోయినా, రెండో ముఖం కనబడినా, మాటలు వినబడినా, చూపు మాటిమాటికీ ఒకే పక్కకు పోయినా సాఫ్ట్‌వేర్ అక్కడ గుర్తు పెడుతుంది. కొన్నిచోట్ల అప్పుడే ఇన్విజిలేటరు మాట్లాడతారు. మరికొన్నిచోట్ల పరీక్ష అయ్యాక చూస్తారు. గుర్తు పడటం అంటే నేరం రుజువైనట్టు కాదు. నేను సమీక్షించిన రికార్డింగుల్లో గుర్తులు పడినవాటిలో ఎక్కువ భాగం దగ్గు, ముక్కు తుడుచుకోవడం, పెన్ను కింద పడటం, ఆలోచిస్తూ పైకప్పు వైపు చూడటం.

మనవాళ్లకు తరచుగా పడే గుర్తు ఒకటుంది. చదివేటప్పుడు పెదవులు కదపడం. చిన్నప్పటి నుంచి పైకి చదివి నేర్చుకున్నవాళ్లం కనుక, కష్టమైన ప్రశ్న రాగానే నోటిలో గొణుక్కుంటాం. అవతలివారికి అది ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కనబడుతుంది. నాకు కూడా మొదటి పరీక్షలో రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. మౌనంగా చదవడం మీరు రోజూ సాధన చేయండి, ఆ అలవాటు ఒక్క రోజులో మారదు.

వెలుతురు ముఖం మీద పడాలి. కిటికీ వెనక ఉంటే ముఖం నల్లటి నీడలా కనబడి, ముఖం లేదని సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ ఆపుతుంది. నల్లని మేని ఛాయ ఉన్నవారి ముఖాలను ఇలాంటి సాఫ్ట్‌వేర్లు సరిగా గుర్తించడం లేదని అమెరికాలో విద్యార్థులే గట్టిగా ఫిర్యాదు చేశారు. మన దగ్గర దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, పట్టించుకోవాలి. ప్రస్తుతానికి మనం చేయగలిగింది ఎదురుగా ఒక దీపం పెట్టుకోవడం. తల విరబోసుకోకుండా చెవులు కనబడేలా కట్టుకోండి, చెవిలో ఏమైనా ఉందేమో చూపించమంటారు. గోడ మీద దేవుడి పటాలు, క్యాలెండరు ఉంటే ఇబ్బంది ఉండదు. పాప కోసం అంటించిన ఎక్కాల పట్టిక ఉంటే ఆ రోజుకు తీసేయండి.

గది మొత్తం చూపించమనడం కొందరికి కష్టంగా ఉంటుంది. అది సహజం. అమెరికాలోని ఒహాయోలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం విద్యార్థి ఇలా తన పడకగదిని చూపించమనడం మీద కోర్టుకు వెళ్తే, 2022 ఆగస్టులో అక్కడి ఫెడరల్ కోర్టు అది రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు విరుద్ధమని తీర్పు చెప్పింది. అది అక్కడి తీర్పు, మనకు వర్తించదు. అయినా మీ గదిలో ఇతరులు చూడకూడదనుకునేది ఏదైనా ఉంటే ముందే సర్దుకోవడం మీ హక్కు. 

పాప విషయానికి వస్తాను. పాప ముఖానికి సాఫ్ట్‌వేర్ గుర్తు పెట్టినా, నాలుగేళ్ల పిల్ల పరీక్షలో సాయం చేసిందని రికార్డింగు చూసే మనిషి అనుకోరు. కానీ పాప వచ్చి ఒళ్లో కూర్చుంటానని ఏడిస్తే పోయేది మీ ఏకాగ్రత. మా విద్యార్థి ఒకరికి పరీక్ష మధ్యలో వాళ్ల అమ్మగారు గ్లాసుతో మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లారు. ఎండాకాలం, బిడ్డ రెండు గంటలుగా లేవలేదని. రికార్డింగులో ఆవిడ కనబడింది పద్నాలుగు సెకన్లు. ఆ రికార్డింగు చూసింది నేనే. ఒక్క మాట లేదు, కాగితం లేదు, ఆ తల్లి ముఖంలో ఆదుర్దా తప్ప ఇంకేమీ లేదు. ఏమీ లేదని రాసి పంపేశాం. కానీ ఆ అబ్బాయి తర్వాతి పది నిమిషాలు ఒక్క జవాబు కూడా రాయలేదు. తన పని అయిపోయిందనుకుని తెర వంక చూస్తూ కూర్చున్నాడు. నష్టం అక్కడ జరిగింది.

కాబట్టి మీ అత్తగారికి పరీక్ష ఉందని చెప్పి ఊరుకోకండి. దగ్గర కూర్చోబెట్టి, కెమెరా ఎలా ఉంటుందో చూపించి, గదిలోకి ఎవరు వచ్చినా, పిలిచినా ఏమవుతుందో చెప్పండి. పెద్దవాళ్లు పూర్తిగా అర్థమైతే మనకంటే గట్టిగా కాపలా కాస్తారు. మా అత్తగారు నా పరీక్షల రోజుల్లో వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు, పాలవాడిని కూడా గంట కొట్టనివ్వలేదు. ఆ పూట కుక్కరు, మిక్సీ వద్దు, వంట ముందే కానిచ్చేయండి. పాపను ఆ మూడు గంటలు పక్కింటికో, బంధువుల ఇంటికో తీసుకెళ్లమనండి. ఏదైనా జరిగి పాప గదిలోకి వస్తే కంగారు పడకండి. కెమెరా వైపు చూసి, మా పాప వచ్చింది, పంపించేస్తున్నాను అని ఒక్క మాట పైకి చెప్పి, పంపించి, వెంటనే రాయడం కొనసాగించండి. చూసేవారికి మొత్తం అర్థమవుతుంది.

కరెంటు, నెట్ గురించి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మూడు గంటలు నిలుస్తుందో లేదో ఇప్పుడే పరీక్షించండి. వైఫై రౌటరుకు పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అది కొనడం మంచి ఖర్చు. రెండో ఆసరాగా ఫోను హాట్‌స్పాట్ ఉంచుకోండి, అయితే అది మీ ఇంటి నెట్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరే కంపెనీ సిమ్‌తో. ఒకే కేబుల్ తెగితే రెండూ పోకూడదు. ఆ ఫోనుకు కాల్స్ రాకుండా చూసుకోండి. అసలు పరీక్షలో ఫోను ముట్టుకోవచ్చా, నెట్ పోతే హాట్‌స్పాట్ పెట్టుకోవడానికి అనుమతి ఉందా అన్నది ముందే మెయిల్‌లో అడగండి.

ఉద్యోగం చేస్తూ చదివేవారు గమనించని ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఆఫీసు వారు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద పరీక్షకు కూర్చోవద్దు. చాలా కంపెనీల యంత్రాల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టనివ్వరు, దూరం నుంచి అజమాయిషీ చేసే ప్రోగ్రాములు లోపల నడుస్తుంటాయి. పరీక్ష బ్రౌజరు వాటిని చూసి తెరుచుకోనంటుంది. నా తోటి విద్యార్థి ఒకతను పరీక్షకు పది నిమిషాల ముందు ఈ సంగతి తెలుసుకుని, ఆ పేపరు వదులుకున్నాడు. సొంతది లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, కానీ వారం ముందే తెచ్చుకుని అందులో దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఉంటే తీసేయండి. విండోస్ అప్‌డేట్లు రెండు రోజుల ముందే పూర్తి చేసుకోండి. విశ్వవిద్యాలయం ఇచ్చే మాదిరి పరీక్షను తప్పకుండా రాయండి, అదీ అసలు పరీక్ష జరిగే వేళకే. సాయంత్రం ఏడింటికి వీధంతా నెట్ వాడుతున్నప్పుడు వేగం ఎలా ఉంటుందో ఉదయం పదింటికి తెలియదు.

నా మూడో పరీక్షలో గాలివాన వచ్చి నెట్ పోయింది. అప్పటికి గంటా ఇరవై నిమిషాలు గడిచింది. హెల్ప్‌లైన్ నంబరు కాగితం మీద రాసుకున్నాను కాబట్టి, అనుమతి ఉన్న ఫోనుతో వెంటనే పిలవగలిగాను. తొమ్మిది నిమిషాల తర్వాత తిరిగి లోపలికి రానిచ్చారు. పరీక్ష అవగానే ఏ సమయానికి పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎవరితో మాట్లాడాను అన్నవి రాసి మెయిల్ పంపాను. నాకు ఏ ఇబ్బందీ రాలేదు. అదే రోజు నాలాగే నెట్ పోయిన మరొకరు మర్నాడు చూద్దాంలే అనుకున్నారు, వారి ఫిర్యాదు గడువు దాటిందని తీసుకోలేదు. ఏం జరిగినా ఆ రోజే రాతలో పెట్టండి.

మూడు గంటలు లేవకుండా కూర్చోవడం కూడా సాధన చేయవలసిందే. చాలా పరీక్షల్లో మధ్యలో లేవనివ్వరు. నెలసరి నొప్పి తీవ్రంగా ఉండేవారు, షుగరు ఉన్నవారు, గర్భిణులు ముందే వైద్యుడి చీటీతో అనుమతి అడగాలి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి. ఇది దయతో ఇచ్చేది కాదు, హక్కు. అడగడానికి మొహమాటపడి ఆ సమయాన్ని వదులుకున్న ఇద్దరు నాకు తెలుసు.

మీరు అడగలేదు కానీ, పరీక్షల ముందు మీ ఫోనుకు వచ్చే సందేశాల గురించి చెప్పకుండా ఉండలేను. డబ్బిస్తే మీ బదులు మేము రాస్తాం, మీ కంప్యూటర్‌లోకి దూరం నుంచి వస్తాం, కెమెరాకు దొరకదు అంటారు. దొరుకుతుందా లేదా అన్నది అటుంచండి. మీ పేరు, హాల్‌టికెట్, ఆధార్ కాపీ, మీ కంప్యూటర్ తాళాలు ఒక దొంగ చేతిలో పెట్టినట్టవుతుంది. మా ఊరి అబ్బాయి ఒకడు అలా ఐదు వేలు ఇచ్చాడు. పరీక్ష అయ్యాక విశ్వవిద్యాలయానికి చెబుతామని బెదిరించి ఇంకో ఇరవై వేలు లాగారు. ఇంట్లో చెప్పుకోలేక వాడు పడిన బాధ నేను దగ్గర నుంచి చూశాను. అలాంటి నంబరు వస్తే జవాబివ్వకుండా బ్లాక్ చేయండి.

చివరగా, మీ విశ్వవిద్యాలయం పరీక్షా కేంద్రంలో రాసే అవకాశం కూడా ఇస్తుందేమో చూడండి. కొన్ని ఇస్తాయి. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే బీఎస్ డిగ్రీలో పాఠాలు ఇంట్లోనే, క్విజ్‌లు, చివరి పరీక్ష మాత్రం కేంద్రంలో. ఇల్లే సుఖం అని అందరూ అనుకుంటారు. రెండు గదులు, చిన్న పిల్ల, కరెంటు బెంగ ఉన్న ఇంట్లో నేనైతే గంటన్నర ప్రయాణమైనా కేంద్రానికే వెళ్తాను. అక్కడ కరెంటు పోతే బాధ్యత వారిది. యంత్రం ఆగితే ఇంకొకటి ఇస్తారు. ఎవరూ అమ్మా అని పిలవరు. ఆ మూడు గంటలు మీరు ఒక విద్యార్థిగా మాత్రమే ఉంటారు, మీకు ఇంట్లో అది ఎన్నాళ్లుగా దొరికి ఉండదో నాకు తెలుసు. హాల్‌టికెట్ అచ్చు ప్రతి, అసలు కార్డు తీసుకుని గంట ముందు చేరుకుంటే చాలు. అయితే కేంద్రం ఎంచుకునే గడువు పరీక్షకు చాలా ముందే ముగుస్తుంది, ఈ సెమిస్టరుకు దాటిపోయి ఉంటే వచ్చే సెమిస్టరుకైనా గుర్తుపెట్టుకోండి.

మీ పేపర్లు ఏ పద్ధతిలో రాయాలో, అంటే గుర్తించడమా, టైపు చేయడమా, స్కాన్ చేసి పంపడమా అన్నది తెలియగానే ఇక్కడ రాయండి. స్కానింగ్ అయితే ఫోనుతో పేజీలు శుభ్రంగా తీసే పద్ధతి వివరంగా చెబుతాను. ఈలోగా హాల్‌టికెట్ మీద పేరు చూడటం మరిచిపోకండి.